నీళ్ల కాయకి నీళ్లెందుకు?

వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పెరట్లో ఆకుల కింద నాలుగు కాయలు పడుకుని ఉన్నాయి. వెళ్లేటప్పుడు అవి చూపుడువేలంత జుకినీ పిందెలు, కొసన పువ్వు కూడా ఇంకా రాలలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ నా మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా ఉంది. కోసి తూస్తే అన్నిటికన్నా పెద్దది మూడు కిలోల రెండొందల గ్రాములు తూగింది. అప్పటికే వంటింట్లో బల్ల కింద ఏడు కాయలున్నాయి. వీటితో పదకొండు. ఇంట్లో తినేవాళ్లం ముగ్గురం.

వీటిని పెంచనివాళ్ల కోసం ఒక మాట. జుకినీ, మారో వేరువేరు కాయలు కావు. జానెడు దాటకముందే లేతగా కోస్తే జుకినీ, మొక్క మీదే వదిలేసి లావెక్కనిస్తే మారో. మారో కోసమనే ఎంచి పెంచే రకాలూ ఉన్నాయి కానీ అన్నీ కుకుర్బిటా పెపో అనే ఒకే జాతివి. గుమ్మడికాయల్లో కొన్ని కూడా ఈ జాతివే. ఆడపువ్వు విచ్చుకునేది ఒక్క పూటే. ఆ పూట తేనెటీగ వాలి వెళ్తే, నాలుగు నుంచి ఎనిమిది రోజుల్లో కాయ జుకినీగా కోతకొస్తుంది. ఆ రోజుల్లో మనం పెరటి వైపు చూడకపోతే అది మన కోసం ఆగదు.

పదకొండు కాయలున్నాయంటే స్నేహితులు చెప్పే సలహాలు రెండే. ఒకటి, పంచెయ్. రెండు, తురిమి కేకులోనో రొట్టెలోనో కలిపెయ్, ఎవరికీ తెలియదు. ఈ రెండో మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. తినేవాళ్లకి తెలియకుండా తినిపించాల్సినంత తప్పు ఆ కాయ ఏం చేసింది? మూడు నెలలు నీళ్లు పోసి, పురుగు పట్టకుండా కాచి, చివరికి దాన్ని పిండిలో దాచేస్తామా? మారోకి రుచి లేదన్న మాటని నేను ఒప్పుకోను. దానికి రుచి ఉంది, నీళ్లలో పలచబడి ఉంది. ఆ నీళ్లు తీస్తే రుచి బయటపడుతుంది. ఆ నీళ్లు తీస్తేనే, లేదా అవి సూక్ష్మజీవులకి అందకుండా చేస్తేనే, కాయ నిలవ ఉంటుంది. వండటమైనా దాచటమైనా ముందు తేల్చుకోవాల్సింది ఆ నీళ్ల సంగతే.

మొదటి ఏడాది నాకూ ఇది తెలియదు. ముక్కలు కోసి, అలవాటుకొద్దీ గ్లాసుడు నీళ్లు పోసి, మూతపెట్టి ఉడికించాను. పావుగంట తర్వాత మూత తీస్తే పాలిపోయిన నీళ్లు, వాటిలో తేలుతూ స్పాంజి లాంటి ముక్కలు. ఉప్పు వేశాను, కారం వేశాను, ఇంకొంచెం వేశాను. ఏం వేసినా నీళ్లకే పట్టింది కానీ ముక్కకి పట్టలేదు. ఫోన్లో అమ్మకి చెప్తే, "నీళ్ల కాయకి నీళ్లెందుకు పోశావే?" అంది.

"మరి ఉడకద్దా అమ్మా?"

"దాని ఒంట్లో ఉన్నవి చాలవూ? ముందు ఉప్పేసి పిండు, తర్వాత పొయ్యి మీద పెట్టు."

అమ్మ అప్పటిదాకా మారోని చూడలేదు. నేను పంపిన ఫోటో చూసి చెప్పింది, అంతే. నాలుగేళ్లుగా ఆ మాట పట్టుకునే వండుతున్నాను.

అమ్మ చెప్పిన రోజే కొలిచి చూశాను. ఒక కిలో తురుము, అందులో రెండు చెంచాల ఉప్పు. చేత్తో కలిపి అరగంట వదిలేశాను. మొదట్లో తురుము పొడిపొడిగా, గిన్నె నిండా పొంగినట్టు ఉంది. పది నిమిషాలకి అడుగున తడి కనిపించింది. అరగంటకి తురుము సగానికి దిగి నీళ్లలో మునిగిపోయింది. పాత నూలుగుడ్డలో మూటకట్టి మెలిపెట్టాను. మొదట ధారగా పడ్డాయి, తర్వాత చుక్కలుగా, తర్వాత నురగలా. చేతులు నొప్పెట్టేదాకా పిండితే నాలుగొందల మిల్లీలీటర్ల పైనే వచ్చాయి, లేత ఆకుపచ్చ రంగులో. ఈ కాయలో దాదాపు 95 శాతం నీళ్లేనని చదివితే ఒక అంకె తెలుస్తుంది. కిలో కాయలోంచి అర లీటరుకి దగ్గరగా నీళ్లు కళ్లముందు పడితే, అంతకుముందు వండిందంతా ఎందుకు చెడిందో తెలుస్తుంది. గుడ్డ విప్పితే బిగుతైన ఆకుపచ్చ ముద్ద. నోట్లో వేసుకుంటే కొంచెం తీపి, కొంచెం పచ్చి గింజల వాసన. రుచి లేదన్నది ఈ కాయనేనా అనిపించింది.

ఆ ముద్దతో ఏం చేసినా బాగుంటుంది. గుడ్లలో కలిపి అట్టు వేసినా, పిండి జల్లి నూనెలో వేయించినా పెళుసుగా వస్తుంది. ముక్కలుగా వండాలంటే తురమక్కర్లేదు, గింజల మెత్తటి భాగం చెంచాతో గీకేసి, మిగిలిన గట్టి కండని వేలెడు ముక్కలు కోసి, వెడల్పు మూకుట్లో పెద్ద మంట మీద, ముక్కకీ ముక్కకీ మధ్య చోటు వదిలి వేయించాలి. మూత పెట్టకూడదు. ముక్కలు కిక్కిరిసి ఉంటే నీళ్లు వదిలి ఉడుకుతాయి తప్ప వేగవు. ఓవెన్ ఉంటే 220 డిగ్రీలు. లోపల కూరేవాళ్లు ముందు కాయని నిలువునా చీల్చి, ఉప్పు రాసి, కాసేపు బోర్లించి, ఖాళీగానే సగం కాల్చుకుని, అప్పుడు కూరాలి. పచ్చి కాయలో కూరితే ఆ కూరిందంతా నానిపోతుంది.

పదకొండు కాయలున్నప్పుడు నేను మొదట చేసే పని మాత్రం వేరు. రెండు కిలోల తురుముని గట్టిగా పిండి, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు నలిపి, కాస్త ఎక్కువ నూనెతో అడుగు మందంగా ఉన్న బాండీలో సన్న సెగ మీద పెడతాను. గంట పైనే పడుతుంది. మొదటి అరగంట బుడబుడమని శబ్దం వస్తుంటుంది, ఎంత పిండినా మిగిలిన నీళ్లు మరుగుతున్నాయన్నమాట. ఆ శబ్దం మెల్లగా తగ్గి ఒక క్షణంలో మారిపోతుంది. బుడబుడ ఆగి చిటపట మొదలవుతుంది. ఇంక నీళ్లు లేవు, ఇక వేగడమే. అక్కడినుంచి దగ్గరే నిలబడాలి. అడుగున గోధుమరంగు పొర కడుతుంటే గరిటెతో గీకి లోపలికి కలుపుతూ పోవాలి. ఆ పొరలోనే రుచంతా ఉంది. చివరికి రెండు కిలోలు అర కిలో ముద్దగా దిగుతుంది. ముదురు ఆకుపచ్చగా, వెన్నలా, తీపిగా ఉంటుంది. రొట్టె మీద రాసుకోవచ్చు, సూప్‌లో కలపొచ్చు, అన్నంలో కలుపుకుని తినొచ్చు. ఈ ముద్ద తిన్నాక మా పెద్దాడు "ఇంకో మొక్క పెట్టొచ్చు కదా" అన్నాడు. ఆ మాట నాకు చాలా పెద్దది.

ఈ ముద్ద ఫ్రిజ్‌లో నాలుగు రోజులే. మిగతాది చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టాలి. పైన నూనె తేలుతోంది కదా, బయట పెట్టినా పాడవదని ఎవరైనా అంటే నమ్మకండి. ఎందుకో కిందికి వచ్చేసరికి చెప్తాను.

ఫ్రీజర్ విషయంలో నేను ఒక సీజన్ కాయలు మొత్తం పాడుచేసుకున్నాను. పచ్చి ముక్కల్ని కోసినవి కోసినట్టే సంచుల్లో నింపి పెట్టేశాను. రెండు నెలల తర్వాత తీస్తే ముక్క ముట్టుకుంటే జారిపోయింది, గిన్నెలో సగం నీళ్లు, పైగా అదోలాంటి చేదు వాసన. లోపలి నీరు గడ్డకట్టేటప్పుడు ఆ మంచు పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరిగాక నీటిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. పచ్చిదనంలో ఉన్న ఎంజైములు ఆ చలిలో కూడా మెల్లగా పనిచేస్తూ రంగూ రుచీ చెడగొడతాయి. ముక్కలైతే మరిగే నీళ్లలో మూడు నిమిషాలు, తురుమైతే ఆవిరి మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లబరిచి, బాగా పిండి, అప్పుడు పెడితే ఎంజైములు ఆగుతాయి. అప్పుడు కూడా ముక్క ముక్కలా ఉండదు. అందుకే నేనిప్పుడు ముక్కలు పెట్టడం మానేశాను. పిండిన తురుము, వేయించిన ముద్ద, ఈ రెండే. మైనస్ 18 డిగ్రీల దగ్గర మళ్లీ సీజన్ వచ్చేదాకా ఉంటాయి.

అసలు ఫ్రీజర్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ కాయని ఇప్పుడే కోసి ముక్కలు చెయ్యాలా? బాగా ముదిరిన మారోకి తొక్కే డబ్బా. గోరుతో గుచ్చితే దిగకూడదు, వేలితో కొడితే లోపల బోలుగా మోగాలి. అలాంటి కాయని రెండంగుళాల తొడిమతో సహా కోసి, వాన పడని ఎండలో వారం పది రోజులు తిప్పుతూ ఉంచితే తొక్క ఇంకా గట్టిపడుతుంది. తర్వాత 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం, గాలి, పొడి చోటు ఉంటే రెండు మూడు నెలలు అలాగే ఉంటుంది. ఒకదానికొకటి తగలకూడదు. తొడిమ ఊడినదాన్ని, గాటు పడినదాన్ని పక్కన పెట్టి ముందు తినెయ్యాలి, కుళ్లు మొదలయ్యేది అక్కడే. కరెంటు అక్కర్లేదు, ఉప్పు అక్కర్లేదు, పంచదార అక్కర్లేదు. నా పదకొండులో గోరు దిగనివి నాలుగున్నాయి. వాటిని ముట్టుకోలేదు. లేత జుకినీతో ఇది కుదరదు. దాని తొక్క పల్చన, ఫ్రిజ్‌లో వారం పది రోజులకి ముడతలు పడుతుంది, మరీ చల్లగా ఉంటే గుంటలు పడుతుంది. మొక్క మీద మరిచిపోయిన కాయ మనకి ఈ ఒక్క మేలు చేస్తుంది.

ఎండబెట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పావు అంగుళం మించని చక్రాలు, ఎండ బలంగా గాలి పొడిగా ఉంటే బయట, లేకపోతే కూరలు ఆరబెట్టే డ్రయ్యర్‌లో 55, 60 డిగ్రీల దగ్గర పది గంటలు. వంచితే విరగాలి. కిలో కాయ గుప్పెడు వరుగులవుతుంది, డెబ్బై గ్రాములు కూడా ఉండదు. ఒక్క జాగ్రత్త మాత్రం చాలామంది వదిలేస్తారు. ఎండినవాటిని గాజుసీసాలో మూడొంతులే నింపి, వారం పాటు రోజూ కుదిపి చూడాలి. సీసా లోపల తడి కనిపిస్తే మళ్లీ ఎండబెట్టాలి. ఒక్క ముక్కలో మిగిలిన తేమ సీసా మొత్తానికి బూజు పట్టిస్తుంది.

ఉప్పులో ఊరబెట్టేటప్పుడు మాత్రం ఆ నీళ్లు మన పక్షానికి వస్తాయి. కిలో తురుముకి ఇరవై గ్రాముల ఉప్పు పట్టించి సీసాలో గట్టిగా కూరితే, కాయలోని నీళ్లే పైకొచ్చి దాన్ని ముంచేస్తాయి. వాటిని పిండకూడదు. గాలి తగలకుండా పైన బరువు పెడితే లాక్టిక్ బాక్టీరియా ఆ నీళ్లలోనే పులుపు పుట్టిస్తుంది. 20 డిగ్రీల దగ్గర వారం నుంచి మూడు వారాలు, రుచి చూస్తూ. తర్వాత ఫ్రిజ్‌లోకి. ముక్కలకన్నా తురుమే బాగుంటుంది, మారో ముక్క పులిసేసరికి మెత్తబడిపోతుంది.

వెనిగర్‌లో వేసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. సీసా మీద 5 శాతం ఆమ్లం అని ఉన్న వెనిగర్ తీసుకుని, నీళ్లు కలిపితే సమానంగా మాత్రమే కలపాలి, అంతకు మించకూడదు. ఉప్పులో ఉంచి నీరు తీయకుండా ముక్కలు వేస్తే, ఆ కాయ వదిలే నీళ్లు కూడా వెనిగర్‌ని పలచన చేస్తాయి. పులుపు తగ్గడమంటే రుచి తగ్గడమొక్కటే కాదు, భద్రత తగ్గడం.

జామ్ సంగతి. ఇది బ్రిటన్‌లో పాత పద్ధతే, మారో అల్లం జామ్ అంటారు. తొక్కా గింజలూ తీసిన ముక్కలు కిలో, పంచదార కిలో, రెండు నిమ్మకాయల రసం, యాభై గ్రాముల అల్లం. ముక్కలకి పంచదార కలిపి రాత్రంతా వదిలేస్తే, పొద్దున్న చుక్క నీళ్లు పోయకుండానే ముక్కలు పాకంలో తేలుతుంటాయి. ఈ కాయలో జామ్‌ని గడ్డకట్టించే పెక్టిన్ తక్కువ, పులుపు దాదాపు లేదు, అందుకే నిమ్మరసం తప్పదు. 104, 105 డిగ్రీలు వచ్చేదాకా మరగాలి. నా మొదటి జామ్‌ని తొందరపడి ముందే దించేశాను, నెల తిరక్కుండానే మూత కింద బూజు. పంచదార వేశాం కదా అనుకున్నాను. తగినంత నీరు ఆవిరైపోయి, మిగిలినదాన్ని పంచదార పట్టేసుకుంటేనే సూక్ష్మజీవులకి తాగడానికి నీరు దొరకదు. ఇప్పుడు థర్మామీటరు లేకుండా జామ్ చెయ్యను, చేసింది ఫ్రిజ్‌లోనే పెడతాను.

ఇక నూనె గురించి చెప్తానన్న మాట. మారో ముక్కల్ని ఉత్త నీళ్లలోనో నూనెలోనో సీసాకెత్తి, మరిగే నీళ్లలో ముంచి, మూత బిగించి అల్మరాలో పెట్టకండి. దయచేసి పెట్టకండి. పులుపు లేని, గాలి లేని, తడి ఉన్న సీసా క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే బాక్టీరియాకి సొంతిల్లు. దాని బీజాలు 100 డిగ్రీల మరుగులో చావవు, ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. ఆహారం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువగా ఉంటేనే అవి మొలకెత్తవు. అది చేసే విషానికి వాసన ఉండకపోవచ్చు, రంగు ఉండకపోవచ్చు. అయితే ప్రెషర్ కుక్కర్‌లో పెట్టొచ్చా అని అడుగుతారు. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఈ కాయల్ని ప్రెషర్‌లో సీసాకెత్తడానికి సమయాలు చెప్పేది, తర్వాత వాటిని వెనక్కి తీసుకుంది. మెత్తటి ముక్కలు సీసాలో అణిగి ముద్దకట్టడంతో వేడి మధ్యదాకా ఎంతసేపటికి చేరుతుందో నమ్మకంగా చెప్పడం కష్టం. వాళ్లే వద్దన్నదాన్ని మన వంటింట్లో ప్రయోగం చేయడం ఎందుకు?

పంచడం గురించి నాకు అభ్యంతరం లేదు, నేనూ పంచుతాను. కానీ ఒక పని చేశాకే. ప్రతి మొక్క నుంచీ ఒక కాయలో గోరంత చీలిక పచ్చిగా నాలుక మీద పెట్టుకుని చూస్తాను. చేదు తగిలితే ఉమ్మేసి, ఆ మొక్క కాయలు ఎవరికీ ఇవ్వను, నేనూ తినను. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో 79 ఏళ్ల పెద్దాయన పొరుగింటి పెరట్లో పండిన చేదు జుకినీ కూర తిని చనిపోయారు. ఆయన భార్య కొంచెమే తినడంతో బతికారు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థం, ఉడికించినా పోదు. అడవి జాతి కాయల్లో అది ఉండేది. మెక్సికోలోని గుయిలా నకీట్జ్ గుహలో దొరికిన ఈ జాతి గింజలు దాదాపు 10,000 ఏళ్ల నాటివి. అప్పటివాళ్లు కండ చేదని వదిలేసి గింజల కోసమే పెంచి ఉంటారని పరిశోధకులు అంటారు. వేల ఏళ్లు ఎంచి ఎంచి నాటితే ఆ చేదు పోయింది. పక్కనే అలంకారం కోసం పెంచే గుమ్మడి ఉండి, తేనెటీగ పుప్పొడిని ఇటూ అటూ మోస్తే, ఈ ఏడాది కాయకి ఏమీ కాదు. దాని గింజ దాచి వచ్చే ఏడాది నాటితే ఆ పాత చేదు తిరిగి రావచ్చు. అందుకే నేను గింజలు కొనుక్కునే నాటతాను, సొంత గింజలు నాటను.

సొంత గింజలు వేయించుకుంటాను. ముదిరిన కాయలో గింజలు గుమ్మడి గింజలంత గట్టిగా ఉంటాయి. కడిగి, ఆరబెట్టి, ఉప్పునీళ్లు చిలకరించి వేయిస్తే గుజ్జు గీకేటప్పుడు పడిన కష్టం తీరుతుంది.

వచ్చే ఏడాదికి ఆరు మొక్కలు కాదు, రెండే. మా ముగ్గురికి రెండు చాలు. మరీ ఎక్కువైతే ఆడపువ్వుల్ని పిందెతో సహా పొద్దున్నే కోసి వండుకోవచ్చని ఇప్పుడు తెలుసు. సీజన్ చివర్లో రెండు మూడు కాయల్ని కావాలనే వదిలేస్తాను. మొక్క మీద కాయ ముదురుతుంటే కొత్త పిందెలు తగ్గుతాయి, అప్పటికి అదే కావాలి.

మొన్న రాత్రి చలిగా ఉంటే, దాచిన నాలుగిట్లో మొదటిదాన్ని తీశాను. కోసి తొమ్మిది వారాలైంది. తొక్క లేత పసుపులోకి తిరిగింది, కత్తి దిగడానికి అరచేత్తో నొక్కాల్సి వచ్చింది. చీల్చగానే పుచ్చకాయ వాసన లాంటిది వంటింటి నిండా పరుచుకుంది. గీకి, పిండి, బాండీలో పెట్టి, చిటపట మొదలయ్యేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. అమ్మకి ఫోన్ చేసి ఆ శబ్దం వినిపించాను. "ఆఁ, ఇప్పుడు వేగుతోంది" అంది.